అగ్గితెగులు జన్యుక్రమము: వ్యవసాయ విద్యార్థులకు ఒక మార్గము

ఆకులపై నూలుకండె ఆకారపు మచ్చలుగా పొడసూపి, వెన్ను వెలువడిన పిదప మెడవిరుపుగా పరిణమించి, చేతికందవలసిన గింజను తాలుగా మిగుల్చు అగ్గితెగులును ఎరుగని వరిరైతు మన ప్రాంతమున అరుదు. కాని ఆ తెగులునకు మూలమైన మాగ్నపోర్తె ఒరైజే అను శిలీంధ్రముయొక్క జన్యుక్రమమును చదివి రైతునకు ప్రయోజనపడునట్లు వ్యాఖ్యానింపగలవారు మనకింకను పెక్కుమంది కావలసియున్నారు.

సస్యములను పీడించు శిలీంధ్రములలో జన్యుక్రమము మొట్టమొదట ప్రకటింపబడినది దీనిదే. 2005లో నేచర్ పత్రికలో వెలువడిన ఆ పరిశోధన, సుమారు 4 కోట్ల క్షారయుగ్మములలో 11,000కు పైబడిన జన్యువులను గుర్తించినది. ఇట్టి విద్యవలన ప్రయోజనమేమని సంశయించువారు బంగ్లాదేశ వృత్తాంతమును పరిశీలింపవలెను. ఇదే శిలీంధ్రముయొక్క మరియొక రూపమువలన కలుగునదియు, 1985లో బ్రెజిలునందు తొలిసారి కనబడినదియు అగు గోధుమ అగ్గితెగులు 2016లో బంగ్లాదేశమున సుమారు 15,000 హెక్టార్ల పైరును ఆవరించినప్పుడు, శాస్త్రజ్ఞులు పొలమునుండి తెచ్చిన రోగగ్రస్తపత్రములలోని జన్యుసమాచారమును చదివి, దానిని దాచుకొనక లోకమునకెల్ల అందుబాటులోనుంచి, వ్యాధికారక శిలీంధ్రము దక్షిణ అమెరికా వంశమునకు చెందినదని నెలలలోనే నిరూపించిరి. ఇంతకంటె ఉదాత్తమైన శాస్త్రసేవ నాకు స్ఫురించుటలేదు.

మచ్చపడిన ఆకునుండి ఒకే సిద్ధబీజమును వేరుచేసి పెంచుట, దృఢమైన కణకవచమును ఛేదించి శుద్ధమైన డి.ఎన్.ఏ.ను రాబట్టుట, యంత్రమిచ్చిన ఖండములను కంప్యూటరుపై కూర్చుట, ఏ జన్యువు వరియొక్క నిరోధకశక్తిని వంచించుచున్నదో తేల్చుట — ఇవి తెగులు జన్యుక్రమమును చదువు వృత్తిలోని ఘట్టములు. చదువుట యంత్రమునకు సులభమైనది. అర్థము చెప్పుటయే దుర్లభము. కావున పైరును గుర్తుపట్టు కన్ను, లినక్సు, పైథాన్ తెలిసిన చేయి ఒకే వ్యక్తియందు కూడినచో ఆ వ్యక్తికి ఆదరణ తప్పదు.

ఇంటర్మీడియట్‌లో బై.పి.సి. చదివినవారు వ్యవసాయ పట్టముద్వారా సస్యరోగశాస్త్రమునకు గాని, జీవసాంకేతిక శాస్త్రమునకు గాని రావచ్చును. గణితాభిరుచి గలవారికి బయోఇన్ఫర్మాటిక్స్ ద్వారము తెరిచియే యున్నది. పిదప సి.ఎస్.ఐ.ఆర్.–యు.జి.సి. నెట్‌లో జె.ఆర్.ఎఫ్. సాధించినవారికి పరిశోధనవేతనము లభించును. హైదరాబాదునందే సి.సి.ఎం.బి. (కణ, అణుజీవశాస్త్ర కేంద్రము), రాజేంద్రనగరమున భారత వరి పరిశోధన సంస్థ ఉన్నవి. తొలియేండ్లలో ప్రాజెక్టు ఉద్యోగములు తాత్కాలికములు, వేతనము స్వల్పము. ఈ సంగతి తలిదండ్రులకు ముందుగానే చెప్పవలెను. కంప్యూటరు విద్యను మాత్రము పరిశోధనలో చేరువరకు వాయిదా వేయక, పట్టపరీక్షకు చదువుచున్న నాడే ఆరంభింపుడు.