సైగాతో మొదలుపెట్టు

మార్కాపురం

స్వాతీ,

నీ మెసేజ్ చూశాను. గిట్టల జంతువుల మీద వాతావరణ మార్పు ప్రభావం గురించి సెమినార్ ఇవ్వమన్నారనీ, ధ్రువపు ఎలుగుబంటి బొమ్మతో మొదలుపెడతాననీ రాశావు. ఎలుగుబంటికి గిట్టలెక్కడివే! సైగాతో మొదలుపెట్టు.

సైగా కజకిస్తాన్ గడ్డి మైదానాల్లో తిరిగే జింక. మేకంత ఉంటుంది. ముక్కు మాత్రం చిన్న తొండంలా కిందికి వాలి, ఎండాకాలం దుమ్ము వడకట్టి, చలికాలం గాలిని వెచ్చబరిచి లోపలికి పంపుతుంది. 2015 మే నెలలో ఆడ సైగాలు ఈనడానికి బెత్పాక్ దలా ప్రాంతంలో గుమికూడాయి. మూడు వారాల్లో రెండు లక్షలకు పైగా చచ్చిపోయాయి. అప్పటికి ప్రపంచంలో ఉన్న సైగాల్లో సగానికి మించి! ముందు తల్లులు, ఆ వెంటనే పిల్లలు. జబ్బు తగిలిన మందలో ఒక్కటీ మిగల్లేదు. ఎంత పాడు రోగానికైనా మందలో నాలుగు తట్టుకుని నిలబడతాయి కదా, నన్ను తొలిచిన సంగతి అదే.

పోస్టుమార్టంలో తేలింది పాశ్చురెల్లా మల్టోసిడా. మన గేదెలకు తొలకరి ముందు గొంతువాపు టీకా వేసేది ఈ సూక్ష్మజీవికే. ఆరోగ్యంగా ఉన్న సైగా టాన్సిల్స్‌లోనూ ఉంటుంది, ఏమీ చేయదు. మరి ఎక్కడెక్కడి మందల్లోనో ఒక్కసారే ఎందుకు చెలరేగింది? ఆ చావులకు ముందు పది రోజులు అక్కడ తేమ, వేడి అసాధారణంగా పెరిగాయని 2018లో అచ్చయిన పరిశోధన చెప్పింది. 1981, 1988ల్లో సైగాలు ఇలాగే మూకుమ్మడిగా చచ్చిపోయే ముందూ అదే తీరు. మా పశువైద్య సర్వీసులోనూ ముసురు పట్టాకే గొంతువాపుతో గురకపెట్టే గేదెల్ని ఆసుపత్రికి తోలుకొచ్చేవాళ్లు.

అయితే తేమ ఆ క్రిమిని ఎలా రెచ్చగొట్టిందో ఇంకా తేలలేదు. ఆ మాట దాచకు. భూతాపమే చంపిందని తీర్పూ ఇవ్వకు. అలాంటి వాతావరణం తరచైతే ముప్పు పెరుగుతుందని చెప్పు, చాలు.

ఇలా సైగాలు పోయి వాటి మేత ఆగితే గడ్డి ఎండి పేరుకుని కార్చిచ్చుకు ఆజ్యమవుతుంది. తోడేళ్ల తిండీ పోతుంది. అయితే ఈతకు తరచూ రెండేసి పిల్లల్ని పెట్టే జాతి కాబట్టీ, వేటను అడ్డుకున్నారు కాబట్టీ సైగాలు మళ్లీ పది లక్షలు దాటాయి. 2023లో అంతరించిపోయే ప్రమాదం అత్యధికంగా ఉన్న జాతుల జాబితా నుంచి కిందికి దించారు కూడా. ఈ శుభవార్త చెప్పి ఊరుకోకు. ఇప్పుడూ అదే మే నెలలో, అలాగే గుమికూడి ఈనుతున్నాయి.

టైముంటే సైబీరియాలోని యమల్ రెయిన్‌డీర్ల సంగతీ చేర్చు. 2013 నవంబరులో మంచు మీద వాన పడి గడ్డకట్టింది. మేత ఆ గడ్డ కిందే ఉన్నా గిట్టలతో పగలగొట్టలేక 61,000 ఆకలితో చచ్చాయి.

స్లైడ్లు అయ్యాక ఒకసారి పంపు, చూస్తాను.

తాతయ్య