చింతచెట్టు మీద గీత

నేనూ, ఆమె రాత్రి బడిలో కలిసి చదువుకున్నాం. ఇద్దరికీ ఒకటే పుస్తకం. అప్పటి నుంచి ఒకరినొకరం 'వదినా' అని పిలుచుకుంటాం. గోదావరి ఒడ్డున సొంతంగా ఇల్లు కట్టుకుంది, రమ్మని ఎన్నోసార్లు కబురు పంపింది. సంక్రాంతి వెళ్లాక తీరిక దొరికింది.

వాళ్లది భద్రాచలం దగ్గర చిన్న ఊరు. బస్సు దిగి మిరప చేల మధ్య నడిచాను. దూరం నుంచే ఇల్లు కనిపించింది. మట్టి గోడలు, తాటాకు కప్పు. కానీ ఇల్లు నేల మీద లేదు! పెద్ద దిబ్బ మీద ఉంది.

"ఇదేమిటి వదినా, గుడి మెట్లలాగా ఉన్నాయి?" అన్నాను.

"తొమ్మిది మెట్లు. లెక్కపెట్టుకుంటూ ఎక్కు" అంది.

ఎక్కాను. అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. వాళ్ల గేదె మజ్జిగే. పెరట్లో వంకాయలు, బెండకాయలు, మునగచెట్టు. కింద కుంటలో బాతులు. దిబ్బ కోసం మట్టి తవ్విన చోటే ఆ కుంట అయిందట. ఏదీ వృథా పోనివ్వలేదు.

"ఇల్లు ఎవరు కట్టారు?"

"నేనూ, మీ అన్నయ్యా. పునాది రాళ్లకి మాత్రం మేస్త్రీని పిలిచాం. రెండు వేసవులు పట్టింది."

గోడ మట్టి సంగతి అడిగాను. ఇసుక ఎక్కువైతే గోడ రాలిపోతుంది. బంకమన్ను ఎక్కువైతే పగుళ్లు వస్తాయి. అందుకని రెండూ కలిపి, తరిగిన వరిగడ్డి వేసి, కాళ్లతో బాగా తొక్కారు. ఒక వరుస పెట్టాక అది ఆరేదాకా ఆగి, పై వరుస పెట్టారు. తొందరపడితే గోడ కూలుతుంది. మట్టి ఇల్లు ఎండాకాలం చల్లగా ఉంటుంది. కానీ గోడ అడుగున నీళ్లు నిలిచాయంటే మెత్తబడి కూర్చుండిపోతుంది. అందుకే అంత ఎత్తు అరుగు.

"అయితే ఎంత ఎత్తు కావాలో మీకెలా తెలిసింది?" అన్నాను.

వదిన వాళ్ల అత్తమ్మను పిలిచింది. ముసలమ్మ నన్ను చింతచెట్టు దగ్గరకు తీసుకెళ్లింది. మానుకి ఒక పాత గంటు ఉంది. "ఇదమ్మా, 1986 ఆగస్టు వరద. నీళ్లు తీయగానే మా మామగారు కత్తితో గీత పెట్టాడు."

ఆ ఏడు భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. అంతకంటే ఎత్తుకు వచ్చినట్టు ఈ ముసలమ్మ ఎరగదు.

నాకొక అనుమానం వచ్చింది. "చెట్టు ఎదిగితే గీత కూడా పైకి పోదా అత్తమ్మా?"

ఆమె నవ్వింది. "చెట్టు కొసల్లో ఎదుగుతుంది. మాను లావెక్కుతుంది గానీ పైకి సాగదు. మేకు కొట్టి చూడు, కొట్టిన చోటే ఉంటుంది."

ఇన్నేళ్లుగా చెట్లు చూస్తున్నాను. ఈ సంగతి నాకు తోచనే లేదు!

మరి ఆ గీతని ఇంటి స్థలం దాకా ఎలా తెచ్చారు? లోపలి నీళ్లు కనిపించే సన్నటి ప్లాస్టిక్ గొట్టం తీసుకున్నారు. నిండా నీళ్లు పోశారు. లోపల గాలి బుడగ ఉండకూడదు, ఉంటే కొలత తప్పుతుంది. గొట్టం ఒక కొసని గీత దగ్గర పట్టుకున్నారు. రెండో కొసని స్థలంలో పాతిన కర్ర దగ్గర పట్టుకున్నారు. రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే ఎత్తులో నిలుస్తాయి. ఇక్కడ నీళ్లు గీతకి సరిపోగానే, అక్కడ నీళ్లున్న చోట కర్ర మీద గుర్తు పెట్టారు. మేస్త్రీలందరికీ తెలిసిన పనే ఇది.

గుర్తు నేల నుంచి అయిదున్నర అడుగులు వచ్చింది. అరుగు ఆరు అడుగులు వేశారు. ఊళ్లో కొందరు నవ్వారట, "ఇల్లా, మంచెా?" అని.

2022 జూలైలో మళ్లీ పెద్ద వరద వచ్చింది. భద్రాచలం దగ్గర 71.3 అడుగులు. అక్కడ నీటి మట్టం 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక ఇస్తారు. 48కి రెండోది, 53కి మూడోది. వదిన వాళ్లు ఎత్తు ఇల్లు ఉంది కదా అని కూర్చోలేదు. పట్టా కాగితాలు, గింజలు మూట కట్టుకుని, గేదెల్ని తోలుకుని మెరకకు వెళ్లిపోయారు. అదే మంచి పని. చుట్టూ నీళ్లుంటే ఎంత ఎత్తు ఇల్లయినా పాలు, మందులు ఎక్కణ్ణించి వస్తాయి?

తిరిగొచ్చేసరికి ఇల్లు నిలిచే ఉంది. నీళ్లు రెండో మెట్టు దాకా వచ్చి ఆగాయి. కానీ వదిన మొహం అదోలా పెట్టింది.

"ఇంటి గురించే ఆలోచించాం వదినా. బావి సంగతి మరిచిపోయాం."

బావి గట్టు అడుగు ఎత్తు కూడా లేదు. వరద నీళ్లు అందులో పడ్డాయి. మరుగుదొడ్డి గుంటలూ మునిగాయి. గోబర్ గ్యాస్ తొట్టి నిండా ఒండ్రు చేరింది. సొంత ఇంట్లో ఉండి కూడా ట్యాంకరు నీళ్ల కోసం బిందె పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. పిల్లాడికి విరేచనాలు పట్టుకున్నాయి. ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు తాగిస్తూ ఆసుపత్రికి పరిగెత్తారు. ఆ మాట చెబుతుంటే ఇప్పటికీ ఆమె గొంతు వణికింది.

తర్వాత బావి నీళ్లన్నీ తోడి, పూడిక తీసి, బ్లీచింగ్ పౌడరు వేయించారు. బావికి సిమెంటు వరలు పెంచారు. ఇప్పుడు దాని గట్టు కూడా అరుగంత ఎత్తుంది. మరుగుదొడ్డిని బావికి దూరంగా జరిపి, మెరక మీద కట్టారు. గ్యాస్ తొట్టి మాత్రం ఇంకా కిందే ఉంది. దాన్ని పైకి మార్చాలంటే ఖర్చు. ఈ వేసవికి చూస్తారట.

మధ్యాహ్నం ఆ గ్యాస్ మీదే వండింది. ములక్కాడ పులుసు, బాతుగుడ్ల కూర. బియ్యం వాళ్ల చేనివే. "కొట్లో ఏమీ కొనవా?" అన్నాను. గూట్లోంచి లెక్కల పుస్తకం తీసి చూపించింది. ఉప్పు, నూనె, సబ్బు, మందులు. నాలుగే మాటలు. తన చేతిరాతే.

వచ్చేటప్పుడు మెట్లు దిగుతూ చూశాను. రెండో మెట్టు పక్క రాయి మీద మేకుతో చెక్కి ఉంది: '2022 జూలై'. ఆ అక్షరాలూ వదినవే. 'జూ' కొంచెం వంకర పోయింది.

మాట్లాడుకోండి, రాయండి:
మీ ఊళ్లో పెద్ద వరదో, పెద్ద వానో వచ్చినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి? ఏ ఏట? పెద్దవాళ్లను అడిగి రాయండి. మీ బావి గట్టు, బోరు గట్టు దానికంటే ఎత్తుగా ఉన్నాయా?