అండాశయపు నీటి గడ్డలు – బాధను తెలియజెప్పు విధము

స్త్రీల పొత్తికడుపు నొప్పిని గూర్చి బాహాటముగా చెప్పుకొనుట మన సమాజమున అరుదు. "ఆడపుట్టుక పుట్టిన తరువాత ఇవి తప్పవు" అని ఇంటిలో పెద్దలు ఊరడింతురు. ఆసుపత్రిలో రెండు మాత్రలు వ్రాసి పంపుటయు కలదు. పెనుబల్లి, కల్లూరు, సత్తుపల్లి ప్రాంతములలో పత్తికి, మిరపకు పోవు కూలి స్త్రీ ఆసుపత్రికి వెళ్ళుట యనగా ఒకనాటి కూలి వదలుకొనుటయే. అట్లు వెళ్ళియు చెప్పవలసినది చెప్పలేక తిరిగివచ్చినచో ఆ నష్టము రెట్టింపగును. కావున అండాశయములందు ఏర్పడు నీటి గడ్డలను గూర్చియు, ఆ బాధను వైద్యులకు తెలియజెప్పు విధమును గూర్చియు ఇచట వివరింపదలచితిమి.

గర్భాశయమునకు ఇరువైపుల రెండు అండాశయములు కలవు. సాధారణముగా ప్రతినెల వానిలో ఒకదానియందు చిన్న నీటితిత్తి పెరిగి, పగిలి, అండము వెలువడును. ఆ తిత్తి పగులక పెరిగినను, పగిలిన పిదప మూసుకొని ద్రవముతో నిండినను సిస్టు ఏర్పడును. ఇట్టివి చాలవరకు రెండు మూడు నెలలలో వాటంతట అవే కరగిపోవును. ఇవి క్యాన్సరు కావు. మరికొన్ని కరగవు. వెండ్రుకలు, కొవ్వు, ఒక్కొక్కప్పుడు దంతములు సైతము గల డెర్మాయిడ్ గడ్డ ఒకటి. పాత రక్తము నిలిచి ఏర్పడు చాక్లెట్ సిస్టు వేరొకటి; దీనివలన బహిష్టు దినములలో నొప్పి తీవ్రముగా ఉండవచ్చును. బహిష్టులు ఆగిన వయసున గడ్డ కనబడినచో తప్పక పరీక్షింపజేయవలెను.

గడ్డ గల అండాశయము మెలిపడినచో దానికి రక్తప్రసారము ఆగిపోవును. హఠాత్తుగా ఒకవైపు భరింపరాని నొప్పి, దానితో వాంతులు కలిగినచో తెల్లవారువరకు వేచియుండరాదు. స్పృహ తప్పుట, తీవ్ర జ్వరము కూడ ప్రమాద సూచనలే. వెంటనే 108 వాహనమును పిలువవలెను.

వైద్యచరిత్రలో రెండు ఘట్టములు ఇచట స్మరింపదగినవి. 1809లో అమెరికాలోని కెంటకీ ప్రాంతమున జేన్ క్రాఫర్డ్ అను స్త్రీ ఉదరము పెరుగగా, అచటి వైద్యులు గర్భమని తలంచిరి. ఎఫ్రాయిమ్ మెక్‌డోవెల్ అను వైద్యుడు స్వయముగా పరీక్షించి, అది అండాశయపు గడ్డ అని గ్రహించెను. ఆమె 60 మైళ్ళు గుఱ్ఱముపై ప్రయాణించి ఆయన యింటికి చేరెను. మత్తుమందు లేని ఆ కాలమున ఆయన సుమారు 10 కిలోల గడ్డను తొలగించెను. ఆమె మరి ముప్పది సంవత్సరములకు పైగా జీవించెను. 1958లో గ్లాస్గో వైద్యుడు ఇయాన్ డొనాల్డ్, సహచరులు అల్ట్రాసౌండును గూర్చి ప్రకటించిన వ్యాసమున వర్ణితయైన ఒక రోగిని అంతకుమునుపు నయముగాని క్యాన్సరు గలదని భావించిరి. అల్ట్రాసౌండు అది అండాశయపు సిస్టు అని చూపగా, శస్త్రచికిత్సతో ఆమె కోలుకొనెను. శ్రద్ధగా పరీక్షించుటయే ఇరువురినీ కాపాడినది.

ఆ పరీక్షకు దారి చూపునది రోగి మాట. "కడుపునొప్పి" యన్నంత మాత్రమున వైద్యునికి కారణము తెలియదు. మూత్రకోశము, అపెండిక్స్, ప్రేగులు కూడ నొప్పి కలిగించును. కావున ఒక చిన్న పుస్తకమున నొప్పి వచ్చిన తేదీ, ఏ వైపు, ఎంతసేపు, బహిష్టు తేదీలు, వాడిన మందులు, నొప్పివలన మానిన తరగతులు లేక పోయిన కూలి దినములు వ్రాసికొనవలెను. ఇంటిలో ఉర్దూ మాట్లాడు విద్యార్థినులు "దర్ద్" అను ఒక్క మాటతో ఆపక, పొడిచినట్లున్నదో, మెలిపెట్టినట్లున్నదో, బరువుగా లాగినట్లున్నదో చెప్పవలెను. తరువాత వైద్యుని ఇట్లు అడుగవచ్చును: "ఈ నొప్పికి కారణమేమై యుండవచ్చును? స్కానింగు అవసరమా? అక్కరలేనిచో ఎందువలన? తగ్గనిచో ఎప్పుడు తిరిగి రావలెను?" అవివాహితలు స్కానింగునకు జంకనక్కరలేదు, నీరు త్రాగి మూత్రాశయము నిండియుండగా పొట్టపైనుండియే చేయవచ్చును. గడ్డ కొలత వ్రాసిన రిపోర్టు భద్రపరచినచో, తరువాతి స్కానింగుతో పోల్చుటకు పనికివచ్చును. ఈలోగా వేడినీటి సంచి, విశ్రాంతి, వైద్యుడు చెప్పిన నొప్పిమాత్ర కొంత ఉపశమనమిచ్చును.

వినకపోవుట ఒక కీడైతే, వినకయే కోయుట అంతకన్న పెద్ద కీడు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15–49 సంవత్సరముల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున 3.2 శాతము కాగా, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతము. సిస్టు ఉండునది అండాశయమున, గర్భసంచి వేరు. ఒకదాని జబ్బుకు మరియొకదానిని తీయించుకొనుటకు ముందు రెండవ వైద్యుని అభిప్రాయము కోరుట మన హక్కు. చిన్న వయసున అండాశయములు రెండును తీసివేసినచో ఎముకలు బలహీనమగును, గుండెజబ్బు ముప్పు పెరుగును. అనవసరపు గర్భసంచి శస్త్రచికిత్సలను అరికట్టు మార్గదర్శకములను అమలు చేయవలెనని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రములను ఆదేశించినది.

సోదర విద్యార్థులారా, మీ అక్కచెల్లెండ్రు నొప్పి యన్నపుడు నవ్వక, ఆసుపత్రికి తోడు వెళ్ళుడు. కళాశాల పాలకవర్గము వారు విద్యార్థినులకు ఒక విశ్రాంతి గదిని ఏర్పరచి, సంవత్సరమున కొకసారి స్త్రీ వైద్యురాలిచే ఉపన్యాసమిప్పించి, ఇట్టి అనారోగ్యమున హాజరు విషయమై సానుభూతి చూపవలసినదిగా మనవి చేయుచున్నాము.