చెరువు పెంచితే వాన పెరుగుతుందా?

ప్ర: సూర్యఘర్ పథకంలో మిద్దె మీద 3 కిలోవాట్ల ప్యానెళ్ళు పెట్టించాం. మిట్టమధ్యాహ్నం ఎండ మండుతున్నా సరే, కరెంటు పోతే ఇల్లంతా ఆగిపోతోంది. 10 యూనిట్ల బ్యాటరీ పెట్టించుకోమంటున్నారు. అంత కావాలా?
- ఒక గృహిణి, ఆత్మకూరు

జ: అక్కర్లేదమ్మా. ఆగిపోవడం మీ ఇన్వర్టర్ తప్పూ కాదు. స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణానికి మీ మిద్దె మీది కరెంటు ముప్పు కాకూడదనే దాన్ని అలా తయారు చేశారు.

అమ్మేవాళ్ళు ప్యానెళ్ళను చూసి బ్యాటరీ సైజు చెబుతారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. అనంతసాగరం చెరువును రెండింతలు చేస్తే వాన రెండింతలు పడుతుందా? చెరువు ఎంత ఉండాలో దాని కింద తడపాల్సిన మడి చెప్పాలి. కరెంటు లేనప్పుడు మీ ఇంట్లో ఆగకూడనివి ఏవి? కాగితం తీసి రాయండి. మామూలు ఫ్యాన్లు రెండు 150 వాట్లు, బల్బులు నాలుగు 36, ఫోన్లూ వైఫై ఇంకో 20. ఆరు గంటలకు యూనిట్టుంబావు. ఫ్రిజ్‌కు పావు యూనిట్ కలపండి. మొత్తం ఒకటిన్నర. పది ఎక్కడ, ఒకటిన్నర ఎక్కడ!

బ్యాటరీ మీద రాసినదంతా మన చేతికి రాదు, ఇది మాత్రం గుర్తుంచుకోండి. 12 వోల్టుల 150 ఏహెచ్ లెడ్ బ్యాటరీ అంటే లెక్కకు 1.8 యూనిట్లు. సగానికి మించి వాడితే తొందరగా చస్తుంది. ఇన్వర్టర్ కూడా కొంత తింటుంది. కాబట్టి అలాంటివి రెండు కావాలి. లిథియం అయితే రెండున్నర యూనిట్లది ఒక్కటి చాలు. మీ అవసరం ఇంతే గనుక మామూలు ఇంటి ఇన్వర్టర్‌తో సరిపోతుంది. కరెంటు లేనప్పుడు ప్యానెళ్ళు కూడా పనిచేయాలంటేనే హైబ్రిడ్ ఇన్వర్టర్. 3 కిలోవాట్లకు వచ్చే 78,000 రూపాయల రాయితీలో బ్యాటరీకి పైసా లేదు, ఆ ఖర్చంతా మీదే.

ఇంతకంటే ముందు ఆ పాత ఫ్యాన్లు మార్చండి. బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లతో తిరుగుతుంది. ఆరు గంటల్లో అర యూనిట్ మిగులుతుంది, అంటే బ్యాటరీలో మూడో వంతు తగ్గినట్టే. ఫ్యాను మార్చమంటే ఎవరూ వినరు, బ్యాటరీ అంటే మాత్రం అప్పు చేసైనా తెస్తారు!

ప్ర: రాత్రంతా ఏసీ బ్యాటరీ మీద నడుస్తుందా?
- ఒక పాఠకుడు, ఆత్మకూరు

జ: నడుస్తుంది. ఆ ఒక్క యంత్రానికే ఆరేడు యూనిట్లు కావాలి, మీ ఇష్టం.

ప్ర: ఉదయగిరిలో చెక్క స్పూన్లు చేస్తాం. అర హెచ్‌పీ మోటారు ఉంది. కరెంటు పోతే చేతులు ముడుచుకుని కూర్చోవాల్సి వస్తోంది.
- ఒక కళాకారిణి, ఉదయగిరి

జ: మీకు బ్యాటరీ కంటే ఇన్వర్టర్ ముఖ్యం. మోటారు తిరగడం మొదలెట్టిన ఆ క్షణాన మూడింతలకు పైగానే లాగుతుంది. చిన్న ఇన్వర్టర్ అక్కడే చేతులెత్తేస్తుంది. 2 కేవీఏ హైబ్రిడ్ ఇన్వర్టర్ చూడండి. ప్యానెళ్ళు కూడా ఉంటే, మీ పని పగటిదే కనుక వాటి మీదే ఎక్కువ గడిచిపోతుంది, బ్యాటరీ మబ్బు పట్టినప్పుడు ఆదుకోవడానికే. లెడ్ బ్యాటరీ అయితే రేకుల షెడ్డులో పెట్టకండి. పది డిగ్రీల వేడి పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగమవుతుంది, మన వేసవి సంగతి మీకు చెప్పాలా!

ప్ర: 5 హెచ్‌పీ బోరు మోటారుకు బ్యాటరీ పెట్టొచ్చా?
- ఒక రైతు, మర్రిపాడు

జ: వద్దన్నా. గంటకు నాలుగు యూనిట్లకు పైనే మింగుతుంది. పగలు కరెంటు ఉన్నప్పుడే నీళ్ళు తోడి తొట్టి నింపుకోండి.

ప్ర: 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు చీకట్లో ఉన్నాం. మూడు రోజులకు సరిపడా బ్యాటరీ కావాలి.
- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఉదయగిరి

జ: మాస్టారూ, ఎప్పుడో వచ్చే తుపాను కోసం ఏళ్ళ తరబడి అంత బ్యాటరీని మేపుతారా? లోడు తగ్గించుకోండి. ఒక బీఎల్‌డీసీ ఫ్యాను, రెండు బల్బులు, ఫోను అంటే సుమారు 50 వాట్లు. రెండు యూనిట్లు చేతికొచ్చే బ్యాటరీ ఉంటే, రోజుకు పన్నెండు గంటల చొప్పున మూడు రోజులు వస్తుంది. తుపాను హెచ్చరిక వినగానే నిండా ఛార్జి చేసి పెట్టుకోండి, టార్చిలైటు సెల్సు కూడా సిద్ధంగా ఉంచుకోండి.