మరుగున పడిన మంచి చిత్రాలు

పాఠ్యభాగ సందర్భం

చలనచిత్రం నేటి యువతరానికి అత్యంత సన్నిహితమైన కళ. అయితే జనాదరణ పొందిన చిత్రాలన్నీ ఉత్తమమైనవి కావు. ఉత్తమ చిత్రాలన్నీ జనం వద్దకు చేరనూ లేదు. జాతీయ స్థాయిలో గౌరవం పొందినా కొద్దిమంది మాత్రమే చూసిన తెలుగు చిత్రాలను, అవి మరుగున పడడానికి గల కారణాలను, ఒక మంచి చిత్రాన్ని మరొకరికి పరిచయం చేసే తీరును ఈ పాఠ్యభాగం వివరిస్తుంది.

పాఠ్యభాగం

వికారాబాద్ జిల్లాలోని బషీరాబాద్ కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉన్న మండల కేంద్రం. సమీప పట్టణమైన తాండూరు నాపరాతికి, కందిపంటకు ప్రసిద్ధి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఈ ప్రాంతపు సంతలలో తెలుగు, ఉర్దూ, కన్నడ భాషలు కలగలిసి వినిపిస్తాయి. పొలం పనులు లేని రోజులలో నగరానికి కూలికి వెళ్ళే కుటుంబాలు, లంబాడీ తండాలు, నిజాం కాలపు ముచ్చట్లు చెప్పే వృద్ధులు ఇక్కడి జీవనంలో భాగం.

ఈ జీవితాన్నే, లేదా దీనికి అతి చేరువైన జీవితాన్ని ఇతివృత్తంగా గ్రహించి కొందరు దర్శకులు తెలుగులో చిత్రాలు నిర్మించారు. వాటికి జాతీయ పురస్కారాలు వచ్చాయి. పత్రికలు ప్రశంసించాయి. అయినా వాటి పేర్లు ఇటువంటి ఊళ్ళ విద్యార్థుల మాటల్లో అరుదుగా వినవస్తాయి. "నీకు నచ్చిన సినిమా ఏది?" అన్న ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పే విద్యార్థి, "నీకు నచ్చి, నీ మిత్రులెవ్వరూ చూడని సినిమా ఏది?" అన్నప్పుడు ఒక్క క్షణం ఆగుతాడు. ఆ రెండవ ప్రశ్నకు జవాబు వెదికేవారు మొదట తెలుసుకోదగిన చిత్రం 'దాసి'.

బి. నర్సింగరావు దర్శకత్వంలో రూపొందిన 'దాసి' 1988 సంవత్సరపు జాతీయ చలనచిత్ర పురస్కారాలలో అయిదింటిని పొందింది. ఉత్తమ తెలుగు చిత్రంగా ఎంపిక కావడమే కాక, నటనకు అర్చన, ఛాయాగ్రహణానికి అపూర్వ కిశోర్ బీర్, కళాదర్శకత్వానికి తోట వైకుంఠం, దుస్తుల రూపకల్పనకు సుదర్శన్ పురస్కారాలు అందుకున్నారు. కథాకాలం 1920ల నాటి తెలంగాణ. ఆనాడు దొరల ఇంటి వధువుతో పాటు అరణంగా పంపే ఆడపిల్లలను ఆడబాపలు అనేవారు. అలా గడీకి వచ్చిన కమలాక్షి ఈ చిత్రంలోని ప్రధాన పాత్ర. ఇంటి చాకిరీ అంతా ఆమెదే. దొర కోరినప్పుడు కాదనే హక్కు ఆమెకు లేదు. తీరా గర్భవతి అయినప్పుడు ఆ బిడ్డను కనే హక్కు కూడా లేదని తెలుస్తుంది.

కథగా చెబితే ఇంతే. చిత్రం బలం కథలో కంటె దానిని చూపిన పద్ధతిలో ఉన్నది. కమలాక్షి ఎక్కువగా మాట్లాడదు. ఆమె బాధను ప్రేక్షకునికి విడమరచి చెప్పే సుదీర్ఘ సంభాషణ ఏదీ లేదు. గడీ గోడలు, వెలుగునీడలు, వంగిన ఆమె నడుము, ఎవరో పిలిచిన వెంటనే ఉలిక్కిపడే ఆమె చూపు మాత్రమే మాట్లాడతాయి. కళాదర్శకుడు వైకుంఠం స్వతహాగా చిత్రకారుడు; తెలంగాణ పల్లె స్త్రీల రూపాలను, వారి చీరల రంగులను, నుదుటి బొట్టును చిత్రాలుగా మలచి ఖ్యాతి పొందినవాడు. ఆ దృష్టి ఈ చిత్రంలోని ప్రతి గదిలోనూ కనిపిస్తుంది. వేగానికి అలవాటుపడిన ప్రేక్షకునికి మొదటి అరగంట ఓర్పుకు పరీక్షగా తోచవచ్చు. కాని తెల్లవారినది మొదలు దీపాలు పెట్టే వరకు సాగే వెట్టిని పరుగులు పెట్టించి చూపితే అది వెట్టిలా ఉండదు కదా!

నర్సింగరావు కృషి 'దాసి'తో మొదలు కాలేదు. తెలంగాణ రైతాంగ పోరాటాన్ని చిత్రించిన 'మా భూమి'కి ఆయన నిర్మాతలలో ఒకరు. ఉర్దూ రచయిత కృషన్ చందర్ నవల ఆధారంగా నిర్మితమై 1980లో విడుదలైన ఆ చిత్రానికి దర్శకుడు బెంగాలీ యువకుడు గౌతం ఘోష్. కథాచిత్రాలలో అది ఆయన తొలి రచన. మెదక్ ప్రాంతంలోని మంగళపర్తి గ్రామంలో దాని చిత్రీకరణ జరిగింది. బండి యాదగిరి రచించిన పాటను గద్దర్ ఈ చిత్రంలో గానం చేశారు. ఈ పాఠంలోని చిత్రాలలో అధికంగా జనాన్ని చేరినది ఇదే గనుక దీనిని 'ఎవరూ చూడని చిత్రం' అనడం సరికాదు. పాట తెలిసినవారిలో చిత్రాన్ని పూర్తిగా చూసినవారు ఎందరన్నది వేరే ప్రశ్న.

'మా భూమి' కంటె ముందే మరొక బెంగాలీ దర్శకుడు తెలుగు పల్లెకు వచ్చాడు. 1977లో మృణాల్ సేన్ రూపొందించిన 'ఒక ఊరి కథ'కు ప్రేమ్‌చంద్ హిందీ, ఉర్దూ పాఠకులకు సుపరిచితం చేసిన 'కఫన్' అనే కథానిక ఆధారం. ఇందులోని వెంకయ్య కూలికి వెళ్ళడు. ఎంత కష్టపడినా లాభం భూస్వామిదే అయినప్పుడు కష్టపడడం తెలివితక్కువ అని అతని వాదం. కొడుకుకూ అదే నేర్పుతాడు. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నీలమ్మ మాత్రం పనిచేసి ఇల్లు నిలబెట్టాలని ఆరాటపడుతుంది. వెంకయ్య వాదంలో కొంత నిజం ఉన్నది. ఆ నిజానికి మూల్యం చెల్లించేది మాత్రం నీలమ్మ. ప్రేక్షకుడు ఎవరి పక్షం వహించాలో దర్శకుడు చెప్పడు. తరగతిలో చర్చకు ఇంతకంటె తగిన చిత్రం దొరకడం కష్టం. ఇది ఆ సంవత్సరపు ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది.

బషీరాబాద్ వంటి ప్రాంతాల వారికి మరింత దగ్గరగా తోచే చిత్రాలు రెండు కలవు. మొదటిది 1990 నాటి 'మట్టి మనుషులు'. దీనికీ దర్శకుడు నర్సింగరావే. ప్రధాన పాత్ర ధరించినది అర్చనే. పల్లె విడిచి నగరానికి వచ్చి కట్టడాల పనిలో చేరిన దంపతుల జీవితం ఇందులోని వస్తువు. నగరంలో మేడలు లేస్తూ ఉంటాయి. వాటికి ఇటుకలు మోసినవారి కాపురం కూలిపోతూ ఉంటుంది. రెండవది కె.ఎన్.టి. శాస్త్రి దర్శకత్వంలో వచ్చిన 'కమ్లి'. 2006 సంవత్సరానికి ఉత్తమ తెలుగు చిత్రంగా ఎంపికైన ఈ చిత్రంలో నందితా దాస్ లంబాడీ స్త్రీగా నటించింది. ఆసుపత్రిలో కన్న మగబిడ్డ తారుమారైనప్పుడు చదువు, డబ్బు, పలుకుబడి లేని ఒక తల్లి తన బిడ్డ కోసం జరిపే పోరాటం ఇది. తెలుగు తెరపై లంబాడీ స్త్రీ చాలాకాలం నృత్య సన్నివేశానికి రంగులద్దే అలంకారంగానే కనిపించింది. కథకు కేంద్రంగా ఆమెను నిలపడమే 'కమ్లి'లోని విశేషం.

కోస్తా ప్రాంత జీవితాన్ని ఎరుగగోరేవారు 'స్త్రీ'ని చూడవచ్చు. పాలగుమ్మి పద్మరాజు 'పడవ ప్రయాణం' కథ ఆధారంగా కె.ఎస్. సేతుమాధవన్ 1995లో దీనిని తీశారు. రంగి పాత్రలో రోహిణి నటన జాతీయ పురస్కార సంఘం ప్రత్యేక ప్రశంసకు పాత్రమైనది. కథను ముందు చదివి తరువాత చిత్రం చూసిన విద్యార్థికి ఒక రచన తెరకెక్కేటప్పుడు ఏమి పోతుందో, ఏమి చేరుతుందో తేటతెల్లమవుతుంది.

ఇంత గౌరవం పొందిన చిత్రాలు ప్రజలకు ఎందుకు చేరలేదు? ప్రధాన కారణం ప్రేక్షకుల అభిరుచి కాదు. చిత్రాన్ని తీయడం ఒక పని. దానిని ఊరూరా ప్రదర్శనశాలలకు చేర్చడం మరొక పని. రెండవదానికి పంపిణీదారులు కావాలి. ప్రసిద్ధ తారలు, పాటలు లేని చిత్రానికి పంపిణీదారుడు దొరకడం కష్టం. దొరికినా నగరంలో ఒక ప్రదర్శనశాలలో ఉదయం ఆటతో దాని ఆయుష్షు తీరేది. చూడనివాడు నచ్చలేదని ఎలా అనగలడు?

ఈ లోటును కొంత తీర్చినవి రెండు. ఒకటి ఫిల్మ్ సొసైటీల ఉద్యమం. 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా తదితరులు కలకత్తాలో ఫిల్మ్ సొసైటీని స్థాపించారు. 1974లో హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ ఏర్పడింది. సభ్యులు చందాలు వేసుకొని, చిత్రాల ప్రతులు తెప్పించుకొని, చూసిన తరువాత చర్చించుకొనేవారు. రెండవది దూరదర్శన్. 1980లలో ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ భాషల పురస్కార చిత్రాలను ప్రసారం చేయడం వలన, ప్రదర్శనశాలకు రాని చిత్రాలు ఇళ్ళకు వచ్చాయి. వీధిలో ఒకే టెలివిజన్ ఉన్న రోజులవి. అర్థం కాని భాషా చిత్రాన్ని సైతం అక్షరాల అనువాదం చదువుతూ చూసినవారు ఆ తరంలో ఎందరో ఉన్నారు.

చూసేవారు లేని చిత్రానికి మరొక ప్రమాదం పొంచి ఉన్నది. పుస్తకం వందేళ్ళు అలమారలో ఉన్నా చదువదగినట్లే ఉండవచ్చు. ఫిల్ము అలా ఉండదు. 1950 ప్రాంతం వరకు వాడిన నైట్రేట్ ఫిల్ము త్వరగా అంటుకొనే స్వభావం కలది. తరువాత వచ్చిన ఎసిటేట్ ఫిల్ము వేడికి, తేమకు క్రమంగా విచ్ఛిన్నమై సిర్కా వాసన వేస్తుంది. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రతి నేడు లభించడం లేదు. అంతకు ముందు రఘుపతి ప్రకాష్ తీసిన మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ' కూడా దక్కలేదు. చిత్రాలను భద్రపరచడానికి 1964లో పూణేలో జాతీయ చలనచిత్ర భాండాగారం ఏర్పడింది; అది 2022లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో విలీనమైంది. అయితే అన్ని చిత్రాలూ ఆ గూటికి చేరలేదు.

అదృష్టవశాత్తు కొన్ని చిత్రాలు తిరిగి దొరుకుతాయి. డెన్మార్క్ దర్శకుడు డ్రేయర్ 1928లో తీసిన జోన్ ఆఫ్ ఆర్క్ చిత్రం మూల ప్రతి అగ్నికి ఆహుతైంది. అర్ధ శతాబ్దం పాటు ప్రపంచం అతుకుల బొంతల వంటి ప్రతులనే చూసింది. 1981లో నార్వేలోని ఒక మానసిక చికిత్సాలయపు అలమారలో దాని ప్రతి బయటపడింది. ఆ డబ్బాలను పనికిరానివని పారవేయక ఉంచిన వ్యక్తి ఎవరో గాని ప్రపంచ సినిమా అతనికి రుణపడి ఉన్నది!

అందరికీ అలమారలలో నిధులు దొరకవు. కాని తాను చూసిన మంచి చిత్రాన్ని నలుగురికి చెప్పడం విద్యార్థికి సాధ్యమైన పని. అడిగేవారు ఉన్న చిత్రానికే కొత్త ప్రతి తీస్తారు, ప్రసారం చేస్తారు, అంతర్జాలంలో ఉంచుతారు. చెప్పడంలోనూ ఒక పద్ధతి ఉన్నది. "చాలా బాగుంది, తప్పక చూడు" అన్న మాట వినేవానికి ఏమీ తెలుపదు. "ఆరు పురస్కారాలు వచ్చాయి" అన్నా అంతే. పురస్కారం పేరు వినగానే నీరసించేవారు కూడా కలరు. కథంతా చెప్పివేయడం మరొక తప్పు. ఒక్క దృశ్యం చాలు. ఆ దృశ్యం తనను ఎందుకు ఆపివేసిందో చెప్పగలిగితే మిగిలినది వినేవాని కుతూహలమే చూసుకొంటుంది. లోపాలను దాచకూడదు. 'దాసి' మెల్లగా నడుస్తుందని ముందుగా తెలిసినవాడు ఆ నడకకు సిద్ధపడి కూర్చుంటాడు. తెలియనివాడు పావుగంటకే లేచిపోతాడు. అన్నిటికంటె ముఖ్యమైనది ఎవరికి చెబుతున్నామన్నది. అన్న హైదరాబాదులో తాపీపనికి వెళ్ళిన మిత్రునికి 'మట్టి మనుషులు' గురించి చెప్పడం ఒక తీరు. కథలు చదివే అభిరుచి గలవానికి 'స్త్రీ' గురించి చెప్పడం మరొక తీరు.

'దాసి'ని ఇంటిలో పెద్దలతో కలిసి చూడడం మంచిది. అందులోని కొన్ని మాటలు, గడీలోని కొన్ని వస్తువుల పేర్లు, ఆడబాప అన్న సంబోధన నేటి విద్యార్థికి అర్థం కావు. వాటికి నిఘంటువు వెదకవలసిన పని లేదు. పక్కన కూర్చున్న నాయనమ్మను అడిగితే చాలు. చిత్రాన్ని కాసేపు ఆపి, ఆమె చెప్పేది వినవలసి ఉంటుంది.

కఠిన పదాలు – అర్థాలు

ఇతివృత్తం : కథావస్తువు
అరణం : వివాహ సమయంలో వధువు వెంట పంపే కానుక
గడీ : దొర నివసించే కోట వంటి భవనం
వెట్టి : కూలి ఇవ్వకుండా బలవంతంగా చేయించుకొనే పని
భాండాగారం : విలువైనవాటిని భద్రపరిచే చోటు
సిర్కా : పులిసిన ద్రవం, ఊరగాయలలో వాడేది

సంధులు

జన + ఆదరణ = జనాదరణ – సవర్ణదీర్ఘ సంధి
అతి + అంత = అత్యంత – యణాదేశ సంధి

ప్రశ్నలు

1. 'దాసి' చిత్రం బలం కథలో కంటె చూపిన పద్ధతిలో ఉన్నదనడానికి గల ఆధారాలను వివరించండి.
2. మంచి చిత్రాలు ప్రేక్షకులకు చేరకపోవడానికి గల కారణాలు తెలిపి, ఫిల్మ్ సొసైటీలు, దూరదర్శన్ చేసిన సేవను వివరించండి.
3. 'ఒక ఊరి కథ'లో వెంకయ్య వాదంతో మీరు ఏకీభవిస్తారా? కారణాలు రాయండి.
4. మీ మిత్రులు చూడని ఒక మంచి చిత్రాన్ని, కథ అంతా చెప్పకుండా, పది వాక్యాలలో పరిచయం చేయండి.