తాతయ్య ప్లేట్లకు తగిన మెషీను

చిరంజీవి బుజ్జికి,

ఏ టర్న్‌టేబుల్ కొనమంటావని అడిగావు. దుకాణానికి వెళ్ళేముందు ఒకసారి పెట్టె తెరిచి, ఏ ప్లేట్లున్నాయో చూడు. మీ తాతయ్య పెట్టెలో మూడు రకాలుంటాయి. పన్నెండంగుళాల ఎల్పీలు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతాయి. సినిమా పాటల చిన్న ఈపీలు 45. అడుగున బరువుగా, జారితే పగిలిపోయే ప్లేట్లున్నాయే, అవి 78. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్ వాటిల్లోనే ఉంది. ఇప్పుడు వస్తున్న మెషీన్లలో చాలావాటికి 78 వేగమే లేదు. ఆ ప్లేట్లు వింటావా, దాచుకుంటే చాలనుకుంటావా, ముందది తేల్చుకో.

సూట్‌కేసులా మూసుకునే రంగురంగుల బుల్లి ప్లేయర్ల జోలికి మాత్రం పోకు. ముల్లు ప్లేటు మీద ఎంత బరువు మోపాలో సర్దుకునే వీలు వాటిల్లో ఉండదు, మోపేది కూడా ఎక్కువే. మన ఇంట్లోని హెచ్‌ఎంవీ ఫియెస్టా కూడా అలాగే మోపేది. దాని మీద నాకు మమకారం ఉంది కానీ, నా దగ్గరున్న మంచి ఎల్పీ దాని కింద పెట్టమంటే పెట్టను.

ఆడియో టెక్నికా ఎల్‌పీ60ఎక్స్ చవకలో మంచిదే. బొత్తాం నొక్కితే చెయ్యి తనే లేచి ప్లేటు మీద వాలుతుంది. కానీ బరువు సర్దలేం, ముల్లును పట్టుకునే కార్ట్రిజ్ మార్చలేం, 78 లేదు. రేగా ప్లానార్ 1 స్వరం నాకు చాలా ఇష్టం. అయితే 33 నుంచి 45కి మారాలంటే పైపళ్ళెం ఎత్తి బెల్టు జరపాలి. అన్నేసి ఈపీలున్న ఇంట్లో అది ఎవరికి ఓపిక? నన్నడిగితే అదే ఆడియో టెక్నికా వాళ్ళ ఎల్‌పీ120ఎక్స్ తీసుకో. బెల్టు ఉండదు. మూడు వేగాలూ ఉన్నాయి, బరువు సర్దుకోవచ్చు, కార్ట్రిజ్ విప్పి మార్చుకోవచ్చు. లోపలే ఫోనో ప్రీయాంప్ ఉంది, వద్దనుకుంటే దాన్ని తప్పించే స్విచ్చి కూడా ఉంది.

ఆ ప్రీయాంప్ ఎందుకని అడిగావు కదా. కార్ట్రిజ్ నుంచి వచ్చేది వోల్టులో వెయ్యోవంతులు మూడో నాలుగో. మామూలు సాకెట్లో పెడితే దోమ పాడినట్టుంటుంది. అదొక్కటే కాదు. మంద్రస్వరాలను ఉన్నదున్నట్టు గీస్తే గాడి అటూ ఇటూ బాగా ఊగి చోటంతా మింగేస్తుంది. అందుకని ప్లేటు కోసేటప్పుడే కింది స్వరాలను తగ్గిస్తారు. ముల్లు రాపిడి చప్పుడును అణచడానికి పైస్వరాలను పెంచుతారు. 20 హెర్ట్జ్ దగ్గర సుమారు 20 డెసిబెల్స్ తగ్గింపు, 20 వేల దగ్గర దాదాపు అంతే పెంపు. 1954లో కుదిరిన ఆర్‌ఐఏఏ లెక్క ఇది. ప్రీయాంప్ ఈ లెక్కను తిరగేసి పాటను మళ్ళీ సమం చేస్తుంది. 78ల కాలంలో ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క, కాబట్టి వాటికి బేస్, ట్రెబుల్ మరలు చెవికి నచ్చినట్టు తిప్పుకో, తప్పులేదు.

నీ యాంప్లిఫయర్ వెనక ‘ఫోనో’ అని రాసి ఉందేమో చూడు. ఉంటే టర్న్‌టేబుల్ స్విచ్చి ‘ఫోనో’ మీద ఉంచి అందులో పెట్టు. లేకపోతే ‘లైన్’ మీద ఉంచి మామూలు సాకెట్లో పెట్టు. రెండు ప్రీయాంప్‌లు ఒకదాని వెంట ఒకటి పడితే స్వరం చీలి బొంగురుపోతుంది. బయట విడిగా ప్రీయాంప్ పెట్టె ఇప్పుడే కొనకు. కొన్నాళ్ళు విన్నాక కూడా లోపలి దానితో తృప్తి లేకపోతే అప్పుడు చూద్దాం. అప్పుడైనా ఎమ్‌ఎమ్ (మూవింగ్ మాగ్నెట్) కార్ట్రిజ్‌కి సరిపడేది, సుమారు 40 డెసిబెల్స్ పెంచేది చాలు. ఎమ్‌సీ (మూవింగ్ కాయిల్) కార్ట్రిజ్‌లూ వాటి 60 డెసిబెల్స్ పెట్టెలూ డబ్బున్న వాళ్ళ ముచ్చట. ‘గుయ్’ మని హోరు వస్తే ముందు అనుమానించాల్సింది ఎర్త్ తీగను.

విడి ప్రీయాంప్‌కి పెట్టాలనుకున్న డబ్బు ముల్లు మీద పెట్టు. ఎల్‌పీ120ఎక్స్‌తో వచ్చే వీఎమ్95ఈ కార్ట్రిజ్‌కి రెండు గ్రాముల బరువు మోపాలి. చిన్న తూకం యంత్రం కొని సరిచూసుకో, కంటి అంచనా పనికిరాదు. 78లకు వేరే ముల్లు తప్పదు. ఎల్పీ ముల్లు మొన 18 మైక్రాన్లుంటే 78 గాడికి 75 దాకా కావాలి. సన్నదాన్ని పెడితే గాడి అడుగుకు జారి అక్కడి దుమ్మునే వినిపిస్తుంది. అదే కార్ట్రిజ్‌కి వీఎమ్‌ఎన్95ఎస్‌పీ అనే 78 ముల్లు దొరుకుతుంది, లాగి మార్చుకుని బరువు మళ్ళీ సర్దుకో.

మీ బాబాయి అమెరికా నుంచి తన పాత బెల్టు ప్లేయరు తెస్తానన్నాడట. మంచిమాటగానే వద్దని చెప్పు. అక్కడి కరెంటు 60 సైకిల్స్, మనది 50. కన్వర్టరు వోల్టేజీని మారుస్తుంది కానీ సైకిల్స్‌ను మార్చదు. అలాంటి పాత మోటార్లు చాలావరకు సైకిల్స్‌ను బట్టే తిరుగుతాయి కాబట్టి వేగం ఆరోవంతు పడిపోతుంది. ఘంటసాలగారి భగవద్గీత మూడు స్వరస్థానాలు కిందికి దిగి ఇంకెవరో చదువుతున్నట్టుంటుంది.

స్పీకర్లున్న బల్ల మీద టర్న్‌టేబుల్ పెట్టకు, అదురు ముల్లుకు తగులుతుంది. ప్లేట్లను నిలబెట్టే ఉంచు, ఎండ తగలనీయకు. దుమ్ము పట్టిన ఎల్పీలను డిస్టిల్డ్ వాటర్‌లో తడిపిన మెత్తటి గుడ్డతో గాడి వెంటే తుడువు. 78లను మాత్రం స్పిరిట్‌తో తుడవకు. అవి లక్కతో చేసినవి, స్పిరిట్‌కి లక్క కరిగిపోతుంది.

ఇట్లు,
మీ పెదనాన్న