కంటి చాప్టర్‌ను గడియారం పెట్టుకుని చదవండి

మెడికల్ సర్జికల్ నర్సింగ్‌లో కంటి చాప్టర్ అంటే చాలామందికి చిన్నచూపే. పరీక్ష ముందు రాత్రి కారణాలు, లక్షణాలు బట్టీ పట్టేసి వెళ్తారు. స్టాఫ్‌నర్స్ పోస్టుల పరీక్షల్లో, ఎయిమ్స్ నార్‌సెట్‌లో రోగి పరిస్థితి చెప్పి ‘నర్సు మొదట ఏం చేయాలి?’ అని అడిగితే మాత్రం తడబడతారు. అందుకే ప్రతి కంటి జబ్బునూ ‘మన చేతిలో ఎంత వ్యవధి ఉంది?’ అన్న ప్రశ్నతో చదవమంటాను.

కంట్లో సున్నం పడిన పిల్లవాడిని ఎత్తుకొచ్చారనుకోండి. అక్కడ వ్యవధి నిమిషాల్లోనే. పేరు, ఊరు, చూపు పరీక్ష అన్నీ తర్వాత. నార్మల్ సెలైన్‌తోనో రింగర్ లాక్టేట్‌తోనో, అవి లేకపోతే శుభ్రమైన నీళ్లతోనో వెంటనే కడగడం మొదలుపెట్టాలి. కనీసం అరగంట, కంటి పీహెచ్ మామూలు స్థాయికి వచ్చేదాకా ఆపకూడదు. పైరెప్ప తిప్పి చూసి, ఇరుక్కున్న సున్నం పలుకులు తీయించాలి. సున్నం లాంటి క్షారాలు కణజాలాన్ని కరిగించుకుంటూ లోపలికి దిగుతాయి కనుక సాధారణంగా యాసిడ్ కంటే ఎక్కువ హాని చేస్తాయి.

తర్వాతిది గంటల లెక్క. నీటికాసులు అని పిలిచే గ్లకోమాలో ఒక రకం నొప్పి లేకుండా ఏళ్ల తరబడి పక్కచూపును తినేస్తుంది. కంటిలోపలి ఒత్తిడి మామూలుగా 10 నుంచి 21 మి.మీ. పాదరసం మధ్య ఉంటుంది. ఒత్తిడి పరిధిలోనే ఉన్నా ఈ జబ్బు రావచ్చు. పోయిన చూపు తిరిగిరాదు, ఉన్నది కాపాడుకోవడానికే చుక్కలు. రెండో రకం ఉన్నపళంగా విరుచుకుపడుతుంది. భరించలేని కన్నునొప్పి, తలపోటు, వాంతులు, దీపం చుట్టూ రంగుల వలయాలు. వాంతులు చూసి కడుపు జబ్బనుకుని పొరపడిన సందర్భాలు లేకపోలేదు. డాక్టరు అసెటజోలమైడ్, మానిటాల్, పైలోకార్పిన్ రాస్తారు, ఆపైన లేజర్ చేస్తారు. ఎట్రోపిన్ మాత్రం ఆ కంట్లో పడకూడదు. టిమోలాల్ చుక్కలు వేసేముందు ఆస్తమా ఉందా, గుండె నెమ్మదిగా కొట్టుకుంటోందా అని అడగండి. చుక్క ముక్కులోకి దిగి రక్తంలో కలుస్తుంది. చుక్క వేశాక కంటి లోపలి మూలను ఒకటి రెండు నిమిషాలు నొక్కిపట్టమనేది అందుకే.

మెరుపులు, తేలే నల్లచుక్కలు, తెర దిగినట్టు చీకటి అని రోగి చెబితే, నొప్పి లేకపోయినా రెటీనా ఊడుతోందేమోనని అనుమానించి అదేరోజు సర్జన్‌కు చూపించాలి.

మన ప్రాంతంలో నర్సులు ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది కార్నియా పుండు మీద. నూర్పిళ్లలో వడ్లగింజ కొడుతుంది, వరి ఆకు గీసుకుంటుంది, ఇంట్లో పసరు పోస్తారు. మందుల షాపులో స్టెరాయిడ్ చుక్కలు ఇచ్చారో, ఫంగస్ మరీ రెచ్చిపోతుంది. ఫంగస్ అని తేలితే నాటామైసిన్ చుక్కలు వారాల తరబడి వేయాలి, కంటికి కట్టు కట్టకూడదు. మానినా కంట్లో పువ్వు మిగిలితే కార్నియా మార్పిడే దారి. దానికి దాత మరణించిన ఆరు గంటల్లోపు కార్నియా సేకరించాలి. ఐ బ్యాంకు వాళ్లు వచ్చేలోపు రెప్పలు మూసి తడిదూది పెట్టడం, తల కింద దిండు ఉంచడం, ఫ్యాన్ ఆపడం వార్డు నర్సు చేతిలోని పనులు.

శుక్లానికి తొందరేమీ లేదు, అలాగని మందులతో కరగదు. ఆపరేషన్ చేసి కృత్రిమ లెన్స్ పెట్టాల్సిందే. డిశ్చార్జి రోజున రోగికి ఒక్కమాట గట్టిగా చెప్పండి: ఎరుపు, నొప్పి పెరిగి చూపు తగ్గితే మర్నాటిదాకా ఆగవద్దని. అది లోపలి ఇన్‌ఫెక్షన్ కావచ్చు. షుగర్ ఉన్నవారికి చూపు బాగున్నా ఏడాదికోసారి రెటీనా పరీక్ష తప్పదు. రెండు కిలోల లోపు బరువుతోనో, 34 వారాలు నిండకుండానో పుట్టిన శిశువుకు 30 రోజుల్లోపు రెటీనా చూపించాలి. డిశ్చార్జి కార్డులో ఆ తేదీ రాయాల్సింది నవజాత శిశు విభాగం నర్సే.

ఇక అవకాశాలు. హైదరాబాద్‌లో సరోజినీదేవి కంటి ఆస్పత్రి, ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, విశాఖలో ప్రాంతీయ కంటి ఆస్పత్రి ఉన్నాయి. కంటి వార్డులో పోస్టింగ్ పడితే ఓపీలోనే గడిపేయకండి. సిస్టర్‌ను అడిగి థియేటర్లో పరికరాల స్టెరిలైజేషన్ దగ్గర నిలబడి నేర్చుకోండి. కంటి ఆస్పత్రి ఉద్యోగానికి పనికొచ్చే అనుభవం అదే.